ఎర్రకోటలోని పటాలపు బారకులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఒక గ్రామములో ఒక గ్రంథాలయము ఇరువదియైదేండ్లు మూతపడకుండ నడచుట సామాన్య విషయము కాదు. పంటలు పోయిన యేండ్లు గడచినవి. చందాలు రాని నెలలు గడచినవి. చేతిలోని ఫోనులోనే లోకమంతయు కానవచ్చు కాలము వచ్చినది. అయినను ప్రతి సాయంకాలము ఈ తలుపు తెరచుచునే యున్నారు. అట్లు తెరచినవారికి, తెరచిన తలుపును వృథాపుచ్చక లోనికి వచ్చిన చదువరులకు మొట్టమొదట నా అభినందనములు.

నన్ను గ్రంథాలయోద్యమమును గురించి మాటలాడుమని కార్యదర్శిగారు కోరిరి. ఆ విషయమును నాకంటె బాగుగా చెప్పగలవారు ఈ వేదికమీదనే యున్నారు. నేను చరిత్ర బోధించి విశ్రాంతి పొందిన ఉపాధ్యాయుడను. కావున చరిత్రలోనుండి ఒక భవనముయొక్క కథ చెప్పుదును. అది ఢిల్లీ ఎర్రకోటలోని పటాలపు బారకుల కథ. అంత దూరపు కథ మనకెందుకని మీరు అడుగవచ్చును. కారణము మన తలమీదనే యున్నది. ఈ పైకప్పును ఒక్కమారు చూడుడు.

మన గ్రంథాలయమున్న ఈ యిల్లు ఒకప్పుడు జమీందారీ కచేరీ యని పెద్దలందరు ఎరుగుదురు. 1948లో ఎస్టేటుల రద్దు శాసనము వచ్చిన పిమ్మట దీని అధికారము పోయినది. కొన్నాళ్లు ధాన్యపు కొట్టుగా నుండెను. తరువాత గబ్బిలములకు నిలయమయ్యెను. ఇరువదియైదేండ్ల క్రిందట గ్రామ యువకులు బూజు దులిపి, సున్నము కొట్టి, నాలుగు బీరువాలు తెచ్చి గ్రంథాలయము పెట్టిరి. ఇప్పుడు పైకప్పు కారుచున్నది. దీనిని పడగొట్టి క్రొత్త భవనము కట్టవలెనని కొందరును, బాగుచేయించి నిలుపుకొనవలెనని కొందరును రెండేండ్లుగా వాదులాడుచున్నారు. పడగొట్టవలెనను వారిలో ఖర్చు లెక్క చూచువారే కాదు, ఈ గోడలను చూచిన కడుపు మండువారును కలరు. వారి కోపము అకారణము కాదు. శిస్తు బకాయిపడిన రైతులను ఈ ఆవరణలోనే ఎండలో నిలువబెట్టిరి. అట్లు నిలిచినవారిలో మా తాతగారు ఒకరు.

మా నాయనగారు, గ్రంథాలయము పెట్టిన మొదటి యేడాది, ఈ మెట్లెక్కలేదు. వీధిలో నిలిచి, ఎవరిచేతనైనను పత్రిక తెప్పించుకొని, అక్కడనే చదివి తిరిగి యిచ్చెడివారు. లోపలికి రండు అని పిలిచినచో, "మా నాయన నిలిచిన చోట నేను కూర్చుండలేనురా" అనెడివారు. ఆ మాటకు నాయొద్ద సమాధానము లేకపోయినది. ఎర్రకోట బారకులను చూచిన దినమున కొంత సమాధానము దొరకినట్లు తోచినది. అదియే నేడు మీతో చెప్పదలచితిని.

షాజహాను చక్రవర్తి తన రాజధానిని ఆగ్రానుండి ఢిల్లీకి మార్చదలచి, యమున ఒడ్డున 1639లో కోట కట్టింప మొదలిడెను. 1648 నాటికి అది పూర్తియైనది. ఎర్రని యిసుకరాతి గోడలు చుట్టు కొలతకు సుమారు 2.4 కిలోమీటర్లు. లోపల చక్రవర్తి ప్రజలకు దర్శనమిచ్చు దీవాన్-ఇ-ఆమ్, ముఖ్యులతో కొలువుదీరు దీవాన్-ఇ-ఖాస్, రాణివాసములు, తోటలు, పాలరాతి కాలువలు, కొలువుకూటములు, పరివారపు ఇండ్లు ఉండెడివి. కోట యనగానే మనకు గోడలే తలపునకు వచ్చును. నిజమునకు అది గోడల నడుమ అమరిన ఒక పట్టణము.

1739లో నాదిర్షా ఢిల్లీని దోచి నెమలి సింహాసనమును పట్టుకొనిపోయెను. తరువాత మొగలుల ప్రాభవము క్రమముగా తగ్గి, చివరి చక్రవర్తి బహదూర్షా జఫర్ నాటికి ఆయన యేలుబడి కోట గోడలలోపలికే కుదించుకొనిపోయెను. ఆయన వృద్ధుడు, కవి, ఇంగ్లీషువారి భరణముమీద బ్రతుకుచున్నవాడు. అట్టివాని యొద్దకు 1857 మే 11వ తేదీని మీరటునుండి తిరుగబడిన సిపాయిలు వచ్చి, తమకు నాయకుడవు కమ్మని కోరిరి. నాలుగు నెలలు ఢిల్లీ వారి వశమందుండెను. సెప్టెంబరులో ఇంగ్లీషు సేనలు నగరమును తిరిగి పట్టుకొనెను. హుమాయూన్ సమాధియొద్ద బహదూర్షా పట్టుబడెను.

తరువాత జరిగినదానిని రెండు భాగములుగా చెప్పుకొనవలెను. మొదటిది విచారణ. 1858 జనవరి 27న, ఏ దీవాన్-ఇ-ఖాసులో ఆయన పూర్వులు కొలువుదీరిరో, ఆ మందిరములోనే ఆ వృద్ధుని ముద్దాయిగా కూర్చుండబెట్టిరి. మార్చి 9న విచారణ ముగిసినది. ఆయనను రంగూనుకు పంపివేసిరి. అక్కడనే 1862 నవంబరు 7న మరణించెను.

రెండవది కూల్చివేత. ఇంగ్లీషువారు 1857 నుండి ఒక పాఠము నేర్చుకొనిరి. ఢిల్లీ వంటి నగరమును అదుపులో నుంచవలెనన్న తెల్లసైనికుల పటాలము నగరపు నడిబొడ్డుననే, బలమైన గోడల నడుమ నుండవలెనని నిశ్చయించుకొనిరి. అందులకు ఎర్రకోటను మించినది లేదు. కోట వెలుపల ఫిరంగులకు అడ్డములేకుండ చుట్టుప్రక్కల ఇండ్లను, వాటితోపాటు అక్బరాబాదీ మసీదును నేలమట్టము చేసిరి. కోట లోపల నది ఒడ్డున వరుసగానున్న కొన్ని పాలరాతి మందిరములను మాత్రము ఉంచి, మిగిలిన రాజప్రాసాదములో అధిక భాగమును పడగొట్టిరి. రాణివాసములు పోయినవి. తోటలు చదునైనవి. మండపములు పోయినవి. ఆ చదునుచేసిన నేలమీద వెలసినవే బారకులు.

బారకు లనగా పటాలమువారు ఉండు వసతిశాలలు. లష్కరు అని మనవారు నేటికిని పిలుచుకొను సికిందరాబాదును ఎరిగినవారికి అట్టి కట్టడముల రూపు క్రొత్త కాదు. పొడుగాటి గదులు, ముందును వెనుకను కమానుల వరండాలు, ఎత్తయిన కప్పులు. మన దేశపు ఎండకు, జ్వరములకు తెల్లసైనికులు తాళలేరని గాలి ఆడునట్లుగా ఎత్తుగా కట్టిరి. వాటిలో ఒక లెక్క ఉన్నది, ఒక క్రమమున్నది. సౌందర్యమును గురించిన చింత మాత్రము లేదు. నౌబత్‌ఖానాకు చేరువలో నేటికిని నిలిచియున్న ఆ భవనములను చూచినచో, పాలరాతి మందిరముల ప్రక్కన అవి పరాయివిగా కనబడును. పరాయివిగా కనబడుటయే వాటి ఉద్దేశము గూడ. ఈ కోట ఇక మీది కాదు అని నగరమునకు ప్రతిదినము చెప్పుటకే అవి యక్కడ నిలిచినవి.

మిగిలిన మందిరముల గతి ఏమైనదందురా? ముంతాజ్ మహలును కొంతకాలము సైనికుల జైలుగా వాడిరి. దీవాన్-ఇ-ఆమ్‌లో సింహాసనపు వెనుక గోడనున్న రంగురాళ్ల పొదుగుడు పలకలను ఒక ఇంగ్లీషు సైనికాధికారి ఊడబెరికి, స్వదేశమునకు కొనిపోయి, తన ప్రభుత్వమునకే 500 పౌనులకు అమ్ముకొనెను. తరువాత కర్జన్ ప్రభువు కాలములో వాటిని తిరిగి తెప్పించి యథాస్థానమున అమర్చిరి. 1911లో ముంతాజ్ మహలులో పురావస్తు ప్రదర్శనశాల పెట్టిరి. కూల్చినవారి వంశమునకే తమ పెద్దలు చేసిన పని అరువదేండ్లు గడువకముందే లజ్జ కలిగించెనన్నమాట.

ఇక్కడ ఒక ఇంగ్లీషువాని మాట తలచుకొనవలెను. జేమ్సు ఫెర్గుసన్ అను వాస్తుచరిత్రకారుడు 1876లో ప్రచురించిన గ్రంథములో ఈ కూల్చివేతను తీవ్రముగా నిందించెను. ఆయన నిందలో నన్ను మిక్కిలి ఆకర్షించినది ఒక సంగతి. కూల్చుట ఒక తప్పు. అంతకంటె పెద్ద తప్పు, కూల్చకముందు కొలతలు తీయకపోవుట, పటము గీయకపోవుట, ఉన్నది ఉన్నట్లు వ్రాసిపెట్టకపోవుట. ఎన్ని గదులు, ఏ వాకిలి ఎటుండెను, ఏ తోటకు నీరు ఎటు పారెను, ఇట్టివి సవిస్తరముగా చెప్పగల కాగితము లేకుండ ఒక ప్రాసాదము పోయినది. యుద్ధములో ఓడినవాని ఇల్లు పోవుట చరిత్రలో క్రొత్త కాదు. ఆ ఇల్లు ఎట్లుండెనో చెప్పు ఆధారము గూడ పోయినచో, ఓడినవాడు రెండుమారులు ఓడినట్లగును. ఈ మాటను మనసున నుంచుకొనుడు. కడపట మరల దీనియొద్దకే వత్తును.

ఇట్లు దాదాపు తొంబది యేండ్లు ఆ కోట తెల్లవారి దండుబిడారముగా నుండెను. 1911లో అయిదవ జార్జి చక్రవర్తి ఢిల్లీ దర్బారునకు వచ్చినప్పుడు, మొగలు చక్రవర్తులవలెనే కోట గవాక్షమునుండి ప్రజలకు దర్శనమిచ్చెను. బారకులు వెనుకనుండి అధికారమును కాచుచున్నవి. గవాక్షము ముందునుండి అధికారమును చూపుచున్నది. ఈ జతను సుభాష్‌చంద్ర బోసుగారు చక్కగా గ్రహించిరి.

1943 జూలైలో సింగపూరులో ఆజాద్ హింద్ సైనికుల ఎదుట నేతాజీ మాటలాడుచు, ఢిల్లీ ఎర్రకోటలో విజయయాత్ర జరుపువరకు మన పని ముగియదని చెప్పిరి. ఆ యేడే రంగూనులో బహదూర్షా సమాధియొద్ద సైనిక వందనము జరిపించిరి. కోటనుండి వెడలగొట్టబడిన వృద్ధుని సమాధినుండి కోటకు దారి తీయవలెనని ఆయన తలంపు. ఆయనతో జలాంతర్గామిలో జర్మనీనుండి తూర్పునకు ప్రయాణము చేసిన ఏకైక భారతీయ సహచరుడు మన హైదరాబాదువాడైన ఆబిద్ హసన్ అని మీలో ఎందరికి తెలియునో! "జైహింద్" అను నమస్కారమును కల్పించినవాడు ఆయనయే యని ప్రసిద్ధి. మలయా, బర్మాలలో కూలికై వెళ్లిన దక్షిణాదివారు, వారిలో తెలుగువారును, ఆ సేనలో చేరిరి.

ఆ సైనికులు చివరకు ఎర్రకోటకు వచ్చిరి. కాని విజేతలుగా కాదు, బందీలుగా. 1945 నవంబరు 5న కోటలోని సైనిక నివాస భవనములోనే వారి విచారణ ప్రారంభమైనది. ముద్దాయిలు ముగ్గురు: షానవాజ్ ఖాన్, ప్రేంకుమార్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్. ఒకరు ముసల్మాను, ఒకరు హిందువు, ఒకరు సిక్కు. దేశమును విడదీసి పాలించుటలో ఆరితేరిన ప్రభుత్వము, తెలిసియో తెలియకయో, దేశమునంతటిని ఒకే బోనులో నిలువబెట్టెను. నేరము చక్రవర్తిపై యుద్ధము చేయుట. సరిగా అదే నేరముమీద 1858లో అదే కోటలో బహదూర్షాను విచారించిరి.

అయితే 1858కిని 1945కును ఒక భేదమున్నది. ఆ వృద్ధునికి తోడు నిలుచుటకు అప్పుడు దేశమునందు ఎవరును మిగిలియుండలేదు. ఈ ముగ్గురి ప్రక్షమున తేజ్ బహదూర్ సప్రూ, భూలాభాయి దేశాయి, ఆసఫ్ అలీ, కైలాసనాథ్ కాట్జూ మొదలగు ఉద్దండులు నిలిచిరి. జవాహర్‌లాల్ నెహ్రూగారు ఎన్నో యేండ్లుగా మానివేసిన న్యాయవాది గౌనును మరల ధరించి వచ్చిరి. దాస్యములోనున్న జాతికి తన స్వాతంత్ర్యమునకై యుద్ధము చేయు హక్కు కలదు. ఆ యుద్ధము చేసినవారిని సొంత రాజునకు ద్రోహము చేసినవారుగా నెంచరాదు అని భూలాభాయి వాదించిరి. ఆరోగ్యము చెడియున్న ఆ పెద్దమనిషి ఆ వాదము ముగించిన కొలది నెలలకే, 1946 మేలో, మరణించిరి.

డిసెంబరు 31న న్యాయస్థానము ముగ్గురను దోషులుగా నిర్ణయించి యావజ్జీవ ద్వీపాంతరవాసము విధించెను. కాని గోడల వెలుపల దేశము మండుచుండెను. 1946 జనవరి 3న సేనాధిపతి ఆకిన్‌లెక్ ద్వీపాంతరవాసమును రద్దు చేయుచున్నట్లు ప్రకటించెను. ఉద్యోగములు మాత్రము పోయినవి. ముగ్గురును స్వేచ్ఛగా బయటకు నడచిరి. మరుసటి నెలలోనే బొంబాయిలో నౌకాసైనికులు తిరుగబడిరి. తన సిపాయిలను తాను నమ్మలేని ప్రభుత్వమునకు బారకులుండి ప్రయోజనమేమి? నగరమును భయపెట్టుటకు కట్టిన ఇంటిలోనే ఆ భయము తీరిపోయినది.

1947 ఆగస్టు 16న నెహ్రూగారు ఎర్రకోటపై జాతీయపతాకమును ఎగురవేసిరి. 15వ తేదీ యని చాలమంది అనుకొందురు. కోటపై మొదటి పతాకము మరునాడు ఎగిరినది. బారకులలోని తెల్ల పటాలము వెడలినది, మన పటాలము వచ్చినది. గాంధీమహాత్ముని హత్యకేసు విచారణ గూడ 1948-49లో ఈ కోటలోనే జరిగినది. ఒక్క కోట మూడు మహావిచారణలను చూచినది. 2000 డిసెంబరులో ఉగ్రవాదులు కోటలోనికి చొరబడి ముగ్గురిని చంపిరి. 2003 డిసెంబరులో సైన్యము కోటను పురావస్తుశాఖకు అప్పగించి వెడలిపోయినది. 2007లో ఎర్రకోట, దాని ప్రక్కనున్న సలీంగఢ్ కోటతో కలసి ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందినది.

అప్పుడు బారకులు ఖాళీ అయినవి. ఖాళీ యిల్లు ఎంత వేగముగా పాడగునో మన కచేరీని చూచిన మనకు వేరే చెప్పనక్కరలేదు. కాపురములేని కప్పుమీద రావిమొక్క మొలచును, దానిని పెరుకువాడుండడు, మూడవ వర్షాకాలమునకు గోడ నెరియలు విడుచును. ఆ దశలో బారకుల విషయమై రెండు విధముల ఆలోచింప వీలున్నది. ఇవి మొగలు ప్రాసాదమును మ్రింగిన దయ్యములు, వీటిని తొలగించి తోటలను తిరిగి వేయుడు అనుట ఒక వాదము. ఇందు న్యాయమున్నది. అయితే ఏ తోటను తిరిగి వేయుదురు? సమగ్రమైన కొలతలు లేని తోటను ఊహించి వేసినచో అది షాజహాను తోట కాదు, మన తోట యగును. పైగా ఆ బారకులను తీసివేసినచో బహదూర్షా గతికిని, ఆజాద్ హింద్ విచారణకును సాక్షులైన గోడలు గూడ పోవును. కూల్చినవాడు కట్టిన గోడయే, కూల్చిన పనికి మిగిలిన సాక్ష్యము. సాక్షి దుష్టుడైనను సాక్ష్యము విలువైనదే.

రెండవ మార్గమునే మన ప్రభుత్వము త్రొక్కినది. బారకులను బాగుచేయించి, 2019 జనవరి 23న, నేతాజీ జయంతినాడు, ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారు వాటిలో ప్రదర్శనశాలలను ప్రారంభించిరి. ఆ సముదాయమునకు క్రాంతిమందిర్ అని పేరు. ఒక బారకులో నేతాజీ, ఆజాద్ హింద్ సేనల చరిత్ర. ఇంకొకదానిలో 1919 నాటి జలియన్‌వాలాబాగ్ మారణహోమము, మొదటి ప్రపంచయుద్ధములో మన సైనికుల పాత్ర. వేరొకదానిలో 1857 సంగ్రామము. మరియొకదానిలో భారతీయ చిత్రకళ. అనగా, 1857ను అణచినవారు, మరల అట్టిది తలయెత్తకుండ కట్టిన యింటిలో 1857 కథనే నేడు పిల్లలకు చెప్పుచున్నారు.

నేను అచ్చటికి వెళ్లినది ఒక మధ్యాహ్నము. నేతాజీ కూర్చుండిన కొయ్యకుర్చీని, ఆయన ఖడ్గమును, సైనికుల దుస్తులను, పతకములను చూచితిని. నా ముందు ఒక బడిపిల్లల గుంపు నడచుచుండెను. వారిలో ఒక బాలిక, "ఈ యిల్లు నేతాజీ కట్టించిరా?" అని హిందీలో తన ఉపాధ్యాయురాలిని అడిగినది. "కాదమ్మా, ఆయనను ఎదిరించినవారు కట్టిరి" అని ఆమె చెప్పినది. ఆ పిల్ల తలయెత్తి కప్పువంక కొంతసేపు చూచినది. నేనును చూచితిని. నాకు మా నాయనగారు జ్ఞప్తికి వచ్చిరి. ఆ ఉపాధ్యాయురాలు ఆ ఒక్క ముక్క చెప్పకుండిన, ఆ బాలిక అబద్ధముతో ఇంటికి పోయెడిది. చెప్పినది కనుక, గోడలు గూడ ఆమెకు పాఠము చెప్పినవి.

ఇట్టి ఉదాహరణ మన ఇంటికి దగ్గరలోనే ఇంకొకటి కలదు. హైదరాబాదులో కోఠీ రెసిడెన్సీని ఇంగ్లీషు రాయబారి కిర్క్‌పాట్రిక్ పందొమ్మిదవ శతాబ్ది ఆరంభములో కట్టించెను. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీనుల నాయకత్వమున జనము దానిమీదికి నడచినది. తుర్రేబాజ్ ఖాన్ తరువాత ప్రాణములు కోల్పోయెను. మౌల్వీని అండమానులకు పంపిరి. ఆ రెసిడెన్సీయే 1949లో స్త్రీల కళాశాల యైనది. తలుపులు బద్దలుకొట్టబోయి మగవీరులు ప్రవేశింపలేని భవనములోనికి, పుస్తకములు చేతబట్టుకొని ఆడపిల్లలు ముఖద్వారముననే ప్రవేశించిరి. దీనిని మించిన విజయయాత్ర యేది?

సోదరులారా, ఈ కథలనుండి నేను గ్రహించినది చెప్పి ముగింతును.

భవనమునకు పాపము లేదు, పుణ్యము లేదు. దానిలో ఎవరుందురు, ఏమి చేయుదురు అనుదానినిబట్టి అది మారును. కాని మారినంతమాత్రమున పూర్వకథ చెరిగిపోరాదు. చెరిగిపోయినచో బాధపడినవారికి అన్యాయము. ఎర్రకోట బారకులు నేడు మనవైనది, వాటికి రంగు వేసినందువలన కాదు. అవి ఏమో, ఎందులకు కట్టిరో అక్కడనే చెప్పుచున్నందువలన.

ఇప్పుడు మన కచేరీ మాట. పెరటిలో ఒక రాతిస్తంభమున్నది. మన పిల్లలు దానికి సైకిళ్లు చేరవేయుదురు. అది ఏ పనికి నాటిన స్తంభమో ఇరువదియేండ్లలోపు వారిలో ఎవరికిని తెలియదు. నిన్న నేను పదిమందిని అడిగిచూచితిని. ఒకడు, "జెండా కర్రకు నాటిరి గాబోలు" అనెను. బకాయిదారులను ఎండలో నిలువబెట్టి, చేతులు కట్టిన స్తంభమది. మనము ఇరువదియైదేండ్లు ఈ యింట పుస్తకములు చదివితిమి. ఈ యింటి పుస్తకమును మాత్రము వ్రాయలేదు. గ్రంథాలయమువారమై ఈ లోపము చేసితిమి. ఇందు నేనును దోషినే.

కావున కార్యవర్గమువారికి నాది ఒక్క విన్నపము. పడగొట్టుటయా, నిలుపుటయా అనునది రెండవ ప్రశ్న. మొదటి పని వ్రాసియుంచుట. ఒక్క ఇటుక కదలకముందే ప్రతి గదికి కొలతలు తీయించుడు. పటము గీయించుడు. ప్రతి గోడను, ఆ స్తంభమును ఫోటోలు తీయించుడు. ఎనుబది దాటిన పెద్దలు మన ఊరిలో ఇంకను కలరు. వారి యిండ్లకు మన కళాశాల విద్యార్థులను పంపి, వారు కన్నది, తమ పెద్దలవలన విన్నది, వారి మాటలలోనే వ్రాయించుడు. శిస్తు లెక్కలు, పాత రసీదులు ఏ అటకమీదనైనను ఉన్నచో తెచ్చి బీరువాలో భద్రపరచుడు. ఎండలో నిలిచినవారి పేర్లు దొరకినంతవరకు ఒక పట్టికగా వ్రాయుడు. ఆ పట్టిక ఈ గ్రంథాలయములో చేరవలసిన తదుపరి గ్రంథము. ఈ పని ఆరు నెలలు పట్టును. కప్పుమీద అంతవరకు రేకులు పరచుకొందము.

ఆ పిమ్మట గ్రామసభ ఏది నిర్ణయించినను నేను తలయొగ్గుదును. నా అభిప్రాయము అడిగినచో దాపరికము లేక చెప్పుదును: నిలుపుడు. గోడలు రెండడుగుల మందము, చెడినది కప్పే. గుమ్మము ప్రక్కన ఒక రాయి నాటి, ఇది ఏ యిల్లో, ఇక్కడ ఎవరు ఏమి అనుభవించిరో నాలుగు పంక్తులలో చెక్కించుడు. పడగొట్టదలచినచో గూడ ఆ రాయి మాత్రము క్రొత్త గోడలో ఉండవలెను. వ్రాయక పడగొట్టినచో మనము గూడ 1858 నాటి పనినే చేసినవార మగుదుము. అప్పుడు చేసినవారు పరాయివారు. మనకు ఆ సాకు గూడ ఉండదు.

మా నాయనగారి సంగతి సగములో విడిచితిని. గ్రంథాలయము పెట్టిన రెండవ యేట, మా అమ్మాయి పరీక్షలకై రాత్రులు ఇక్కడ చదువుకొనుచుండెను. ఒకనాడు వర్షము. పిల్ల తడిసిపోవునని ఆయన గొడుగు పట్టుకొని వచ్చి వీధిలో నిలిచిరి. పిల్ల పుస్తకము వదలి లేవలేదు. ఆయన చాలసేపు నిలిచి, చివరకు మెట్లెక్కి వచ్చి, ఇదిగో, ఈ కిటికీ ప్రక్కన బల్లమీద కూర్చుండిరి. నేను వచ్చుసరికి మనుమరాలు బిగ్గరగా చదువుచుండెను, ఆయన వినుచుండిరి. ఇంటికి పోవుచు నాతో ఒక్క మాట అనిరి: "మా నాయన నిలిచిన సంగతి దానికి చెప్పితినిరా. చెప్పిన తరువాత కూర్చుండగలిగితిని."

చెప్పిన తరువాత కూర్చుండగలిగితిని. ఎర్రకోటలో నేను తెలిసికొన్నదంతయు ఆ మాటలోనే యున్నది.

 ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము చేసికొను నాటికి, ఈ యింటి కథ తెలియని పిల్ల మన ఊరిలో ఒక్కతెయు ఉండకుండుగాక. ఆబిద్ హసన్ నేర్పిన నమస్కారముతో సెలవు తీసికొనుచున్నాను.

జైహింద్.